ట్యాంకులో నీళ్ళు, భూకంపం – 4వ పాఠం: సగం కొలతతో వచ్చిన తంటా

పోయినసారి ఇచ్చిన లెక్క చాలామందికి తప్పింది. 6 మీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి ట్యాంకు, అందులో 3 మీటర్ల నీళ్ళు. పైనీరు ఒకసారి అటు వెళ్ళి ఇటు రావడానికి ఎంతసేపు? ఎక్కువమంది 1.8 సెకన్లు అని రాశారు. సరైన జవాబు 2.6. అందుకని కొత్త పాఠం వచ్చేవారానికి వాయిదా.

అడుగునీరు గోడతోపాటే కదులుతుంది, పైనీరు దాని తీరున అది ఊగుతుంది. అమెరికా భూకంప ఇంజనీరు హౌస్నర్ చెప్పిన ఈ విడదీతే, భూకంపాన్ని తట్టుకునే కట్టడాలకు మన దేశం పెట్టుకున్న కోడ్ ఐఎస్ 1893 రెండో భాగంలోనూ ఉంది. అది మీకు వచ్చు. తప్పిందల్లా కొలత దగ్గర.

సూత్రం ఇది: 3.68ని నీటి ఎత్తు ÷ వ్యాసంతో గుణించి టాన్‌హెచ్ (సైంటిఫిక్ కాలిక్యులేటర్‌లో tanh) తీయండి. దాన్ని మళ్ళీ 3.68తో గుణించి వర్గమూలం తీసి, 6.28ని దానితో భాగించండి. వచ్చినదాన్ని √(వ్యాసం ÷ 9.81)తో గుణిస్తే సెకన్లు. కొన్ని పుస్తకాల్లో 3.68 బదులు 1.84 ఉంటుంది, అక్కడ వ్యాసం బదులు వ్యాసార్థం వాడతారు. రెండూ ఒకటే. మీరేమో 3.68 ఇక్కణ్ణించి, 3 మీటర్ల వ్యాసార్థం అక్కణ్ణించి తెచ్చి కలిపారు. పులుసులో పాలు పోసినట్టయింది! నేనైతే వ్యాసార్థం జోలికే పోను. టేపు పట్టి కొలిచేది వ్యాసమేగా.

ఇంకో మాట. నీటి ఎత్తు వ్యాసంలో సగమో, అంతకన్నా ఎక్కువో ఉంటే నేను టాన్‌హెచ్ కూడా చూడను. మీటర్లలో వ్యాసం వర్గమూలాన్ని 1.05తో గుణిస్తాను, అంతే.

"ముప్పావు సెకను తేడాకి ఇంత గొడవెందుకండీ?" అని ఒకరు అడిగారు. బోరింగు దగ్గర్నుంచి నిండు బకెట్టు మోసుకు రండి. 28 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న బకెట్టులో నీళ్ళు ఊగే కాలం 0.55 సెకను. మన అడుగుకీ అడుగుకీ పట్టేది సుమారు అంతే. అందుకే కాళ్ళ మీద ఒలుకుతాయి. నడక వేగం మార్చి చూడండి, ఒలకడం తగ్గుతుంది.

నేల ఊగే కాలం పైనీరు ఊగే కాలంతో కలిసినా అంతే. మన డెల్టాలాంటి లోతైన ఒండ్రు నేల నిదానంగా ఊగే అలల్ని పెంచుతుంది. పైగా పైనీటికి కోడ్ ఇచ్చే డ్యాంపింగ్ (ఊపును అణిచే గుణం) 0.5 శాతమే, ఒకసారి ఊగితే తొందరగా ఆగదు. 2003లో జపాన్‌లో భూకంప కేంద్రానికి 200 కిలోమీటర్ల పైన ఉన్న తొమకొమాయిలో, చమురు ట్యాంకులు ఇలా ఊగే అంటుకున్నాయి.

అభ్యాసం: మీ ఊరి ట్యాంకు వ్యాసం, నీటిమట్టం ట్యాంకు చూసే అతన్ని అడిగి లెక్క కట్టండి. తర్వాత పాఠంలోని 6 మీటర్ల ట్యాంకులోనే నీళ్ళు 1 మీటరుకు దిగాయనుకుని మళ్ళీ చేయండి. ఇక్కడ నా అడ్డదారి పనికిరాదు. చివరగా ఇంట్లో బకెట్టును ఒకసారి కుదిపి, 20 ఊపులు (అటు వెళ్ళి ఇటు వస్తే ఒకటి) వాచీ పెట్టి లెక్కపెట్టండి. 28 సెంటీమీటర్ల బకెట్టుకు 11 సెకన్లకు దగ్గర్లో రాకపోతే ముందు బకెట్టు వ్యాసం మళ్ళీ కొలవండి.