సింహద్వారానికి కలప కొనే ముందు చూడవలసినవి

టేకు అనే పేరు విని బయానా ఇవ్వకండి. దుంగ కోసిన ముఖం మీద ముదురు గోధుమ రంగు చేవ (నడిమి గట్టి చెక్క) ఎంత, అంచున తెల్లని పొర ఎంత ఉన్నాయో ముందుగా చూడండి, ఎందుకంటే చెదలను తట్టుకునే గుణం చేవకే ఉంటుంది గానీ ఆ తెల్లచెక్కకు ఉండదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఆరుదల. తేమ కొలిచే మీటరును చెక్క లోపలి భాగంలో పెట్టించి, దాదాపు 12 శాతం వచ్చాకే కోతకు ఒప్పుకోండి. పచ్చి కలపతో చేసిన తలుపు వేసవిలో బీటలు వారుతుంది, మెలి తిరుగుతుంది. ఆ తరువాత ఎంత మంచి వడ్రంగి అయినా దానిని సరిచేయలేడు. బాగా ఆరిన చెక్క సైతం వానాకాలంలో అడ్డంగా ఉబ్బుతుంది కనుక, తలుపు పలకలను చట్రపు గాడిలో జిగురు లేకుండా, కొద్దిపాటి సందుతో నిలపమని ముందే చెప్పాలి.

నల్లమద్ది గట్టిదే అయినా ఆరేటప్పుడు పగిలే స్వభావం కలది. దానిని ద్వారబంధానికి వాడి, రెక్కలకు టేకును ఉంచుకోవడం మేలని నా అభిప్రాయం.

తలుపు బరువుకు తగిన బందులను (కీళ్లను) కూడా ఇప్పుడే ఎంచుకోండి.