అద్దె కారులో ఊరు దాటుతున్నారా? రేటు కన్నా ముందు లెక్క మాట్లాడుకోండి

ట్రావెల్స్‌కు ఫోన్ చేయగానే అందరూ అడిగేది "కిలోమీటరుకు ఎంత?" అనే. వాళ్లు 13 అన్నా 14 అన్నా, ఆరువందల కిలోమీటర్ల ట్రిప్పులో తేడా ఆరువందల రూపాయలే. వేలల్లో తేడా తెచ్చేవి వేరే ఉన్నాయి. రోజును ఎలా లెక్కేస్తారు, రీడింగ్ ఎక్కడ మొదలవుతుంది, రోజుకు మినిమం ఎన్ని కిలోమీటర్లు? బేరం ఆడాల్సింది వీటి దగ్గర.

ఊరు దాటే ట్రిప్పుకు రోజుకు 250 లేదా 300 కిలోమీటర్లు మినిమం పెడతారు. బండి కదిలినా కదలకపోయినా అంతకు కట్టాల్సిందే. హైదరాబాద్ నుంచి విజయవాడకు పెళ్లికి వెళ్తున్నారనుకోండి. పోను 275, రాను 275, ఊళ్లో తిరుగుడు ఓ 60 కలిపి 610. రేటు 14, మినిమం 300 అనుకుందాం. రెండు రోజుల్లో తిరిగొస్తే మినిమం 600 దాటింది కాబట్టి తిరిగినదానికే కడతారు, 8,540 రూపాయలు. మర్నాడు సత్యనారాయణ వ్రతం కూడా చూసుకుని వెళ్దామని మూడో రోజు ఆగిపోతే మినిమం 900 అవుతుంది. బండి విడిది ఇంటి ముందే నిలబడి ఉన్నా బిల్లు 12,600. తిరగని 290 కిలోమీటర్లకు 4,060 రూపాయలన్నమాట, పైగా డ్రైవర్‌కు రోజువారీ ఖర్చులకిచ్చే బత్తా ఇంకో రోజుది. మధ్యలో బండి ఊరికే పడి ఉండే ట్రిప్పు అయితే వెళ్లేటప్పుడొక డ్రాపింగ్ (దింపేసి వెళ్లిపోయే బండి), వచ్చేటప్పుడొక డ్రాపింగ్ మాట్లాడుకోవడమే నయం. కాకపోతే డ్రాపింగ్ అని చెప్పి రాను పోను కిలోమీటర్లు రెండూ వేసేవాళ్లున్నారు, ఆ ముక్క ముందే అడగండి.

రోజు అంటే 24 గంటలా, క్యాలెండర్ రోజా అన్నది ఇంకో మెలిక. శుక్రవారం రాత్రి 10కి బయలుదేరి ఆదివారం అర్ధరాత్రి దాటి ఒంటిగంటకు ఇల్లు చేరారు. మొత్తం 51 గంటలు, 24 గంటల లెక్కన మూడు రోజులు. క్యాలెండర్ లెక్కన మాత్రం శుక్ర, శని, ఆది, సోమ, నాలుగు. శుక్రవారం బండి ఎక్కింది రెండు గంటలు, సోమవారం ఒక్క గంట, రెంటికీ పూర్తి రోజు మినిమం, పూర్తి బత్తా. అదే శనివారం తెల్లవారుజామున 5కి కదిలి ఆదివారం రాత్రి 11 లోపు దిగితే ఏ లెక్కన చూసినా రెండే రోజులు.

ఇక రీడింగ్. చాలా ట్రావెల్స్ గ్యారేజ్ టు గ్యారేజ్ వేస్తాయి. బండి మియాపూర్‌ది, మీరు ఎల్.బి.నగర్‌లో ఉంటే మీ గుమ్మం దగ్గరికి రావడానికే దాదాపు 30 కిలోమీటర్లు, తిరిగి వెళ్లడానికి ఇంకో 30. మీకు దగ్గర్లోని ట్రావెల్స్‌ను పట్టుకుంటే ఆ ఖర్చు తగ్గిపోతుంది. గ్యారేజ్ లెక్కే అయినా మీ గేటు దగ్గర రీడింగ్‌ను ఫోటో తీసుకోండి. కొత్త బండ్లలో డిస్‌ప్లే మీద ట్రిప్ ఏ, ట్రిప్ బి, ఓడో (బండి మొత్తం తిరిగిన కిలోమీటర్లు) మారుతూ ఉంటాయి. ట్రిప్ మీటర్‌ను ఎప్పుడంటే అప్పుడు సున్నా చేయొచ్చు కాబట్టి దాని ఫోటో ఎందుకూ పనికిరాదు. బటన్ నొక్కించి ఓడో అంకె కనిపించాకే తీయండి, దిగేటప్పుడు కూడా అంతే.

తెల్ల బోర్డు బండి, అంటే సొంత వాడకపు కారు, తక్కువకు వస్తుందని ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. వద్దు. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు ఉన్నదే అద్దెకు తిప్పడానికి అనుమతి ఉన్న బండి. ఎలక్ట్రిక్ టాక్సీ అయితే ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలు. సొంత వాడకానికని బీమా చేయించిన కారును కిరాయికి తిప్పుతుండగా ప్రమాదం జరిగితే బీమా కంపెనీ క్లెయిమ్ దగ్గర అడ్డం తిరుగుతుంది. దారిలో రవాణా శాఖవాళ్లు పట్టుకుంటే బండి అక్కడే ఆగిపోతుంది, మీరు పెట్టెలతో రోడ్డు మీద ఉంటారు.

రాష్ట్ర విభజన తర్వాత హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లడం కూడా టాక్సీకి పొరుగు రాష్ట్రం వెళ్లడమే. ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ ఉందా అని అడగండి. లేకపోతే అవతలి రాష్ట్రానికి విడిగా పర్మిట్, పన్ను కట్టాలి, అది మీ బిల్లులోకే వస్తుంది. అలా వేస్తే రసీదు చూపించమనండి. బండి నంబరు చేతికి రాగానే ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి చూస్తే ఫిట్‌నెస్, బీమా, పొల్యూషన్ ఎప్పటిదాకా ఉన్నాయో తెలిసిపోతుంది, రెండు నిమిషాల పని.

ఆ నంబరును ముందురోజు రాత్రి 8 లోపు తెప్పించుకోండి. మీరు బుక్ చేసిన ట్రావెల్స్ దగ్గర బండి లేకపోతే ట్రిప్పును వాట్సాప్ గ్రూపులో పెడతారు, అది ఇద్దరు ముగ్గురి చేతులు మారుతుంది, ఒక్కొక్కరూ కాస్త కమీషన్ తీసుకుంటారు. ఆఖరున వచ్చే డ్రైవర్‌కు మీతో ఏం మాట్లాడారో తెలియదు. అందుకే మాట్లాడుకున్నదంతా ఒక మెసేజ్‌లో పెట్టి, ఓనర్ "ఓకే" అన్నాకే అడ్వాన్స్ వేసి, అదే మెసేజ్‌ను డ్రైవర్‌కూ పంపండి. ఇలా ఉంటే చాలు:

"శనివారం ఉదయం 5కి ఎల్.బి.నగర్ పికప్, విజయవాడ, ఆదివారం రాత్రి రిటర్న్. ఎర్టిగా, ఏసీ, ఎల్లో బోర్డు. కి.మీ. 14, మినిమం రోజుకు 300, రోజంటే 24 గంటలు. రీడింగ్ మా గేటు నుంచి మా గేటుకు. బత్తా రోజుకు 500, నైట్ చార్జీ వేరే లేదు. టోల్, పార్కింగ్ మావి. పర్మిట్, జీఎస్టీ రేటులోనే. బండి చెడిపోతే 3 గంటల్లో వేరే బండి."

అంకెలు మీ బేరాన్ని బట్టి మార్చుకోండి, కానీ ఒక్క లైనూ వదలొద్దు.

బండి ఎంచుకునేటప్పుడు మనుషుల్ని మాత్రమే లెక్కపెడతారు, సామాను మరిచిపోతారు. ఎర్టిగా ఆరుగురికి సరిపోతుంది, కానీ మూడో వరుసలో కూర్చుంటే వెనక రెండు మూడు బ్యాగులకు మించి పట్టవు. సీఎన్‌జీ డిజైర్ అయితే సిలిండర్ డిక్కీలోనే ఉంటుంది, నలుగురి పెట్టెలు పట్టవు. క్యారియర్ కావాలంటే ముందే చెప్పాలి, తాడు, టార్పాలిన్‌తో సహా. ఘాట్‌లో ఏసీ ఆపేస్తారా అన్నది కూడా అప్పుడే అడిగేయండి.

బండి గుమ్మం ముందుకు రాగానే సామాను ఎక్కించకముందు రెండు చూడండి. స్టెప్నీలో గాలి ఉందా అన్నది ఒకటి. రెండోది వెనక సీటు బెల్టులు. కొత్త సీటు కవర్లు తొడిగేటప్పుడు బకిల్స్‌ను కవరు కిందికి తోసేస్తారు, పైకి బెల్టు కనిపిస్తుంది గానీ పెట్టుకోవడానికి ఉండదు. సీటు, ఆనుడు కలిసే సందులో చెయ్యిపెట్టి లాగితే వస్తాయి. తెల్లవారుజామున చీకట్లో, అందరూ ఎక్కి కూర్చున్నాక ఆ పని కాదు.

అన్నిటికన్నా ముఖ్యం డ్రైవర్ నిద్ర. సీజన్‌లో రాత్రి ఒక ట్రిప్పు దింపి, ముఖం కడుక్కుని నేరుగా మీ దగ్గరికి వచ్చేస్తారు. ముందురోజు ఫోన్‌లోనే "అన్నా, ఇవాళ ఏ ట్రిప్పు? ఎన్నింటికి ఫ్రీ అవుతావు?" అని మామూలుగా అడగండి. అర్ధరాత్రి దాటుతుందంటే ఓనర్‌కు ఫోన్ చేసి వేరే డ్రైవర్‌ను అడగడమే. దారిలో మాటిమాటికీ అద్దం దించడం, మెడ రుద్దుకోవడం, ఉన్నట్టుండి స్పీడు తగ్గి మళ్లీ పెరగడం, టైరు పక్కగీత మీదికెక్కి దడదడమనడం కనిపిస్తే టీ తాగించి సరిపెట్టకండి. టోల్ గేటు దాటాక లైట్లున్న చోట ఆపించి, సీటు వాల్చి ఇరవై నిమిషాలు పడుకోమనండి. రాత్రి 2 నుంచి 5 మధ్య ప్రయాణం పెట్టుకోకపోతే ఇంకా మంచిది. బత్తా భోజనానికి, పడక సంగతి వేరు. లాడ్జి బుక్ చేసేటప్పుడే డ్రైవర్లకు డార్మిటరీ ఉందా అని అడగండి. మే నెల ఉక్కలో కార్లో పడుకున్న మనిషి మర్నాడు 500 కిలోమీటర్లు తోలలేడు.

స్పీడు మీద కూడా ఆశలు పెట్టుకోవద్దు. చాలా టాక్సీలకు వేగాన్ని గంటకు 80 కిలోమీటర్ల దగ్గర ఆపేసే స్పీడ్ గవర్నర్ ఉంటుంది, మీ సొంత కారులో పట్టే టైముకు గంటో గంటన్నరో కలుపుకోండి. శ్రీశైలం దారిలో ఇది బాగా తగులుతుంది. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర అడవి రోడ్డును రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. తిరుగు ప్రయాణంలో ఆ టైము తప్పితే రాత్రి అక్కడే, బిల్లులో ఇంకో రోజు. సాయంత్రం 5 దాటాక శ్రీశైలంలో కదలకుండా కూర్చోవద్దు.

చివర్లో తగువు వచ్చేది టోల్ దగ్గర. విజయవాడ దారిలో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, మూడు ప్లాజాలు. డబ్బు ఓనర్ ఫాస్టాగ్ నుంచి కట్ అవుతుంది, మెసేజ్ ఓనర్‌కే వెళ్తుంది. బిల్లు చేసేటప్పుడు ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ స్క్రీన్‌షాట్ పంపమనండి. 24 గంటల్లో తిరిగొస్తే ఆ ప్లాజాలో రెండోసారి సగమే కట్ అవుతుంది, నోటి లెక్కలో మాత్రం రెండుసార్లూ పూర్తిగా వేసేస్తారు. ట్యాగ్‌లో బ్యాలెన్స్ లేకపోతే మామూలు టోల్ కన్నా ఎక్కువ పడుతుంది. ఆ అదనం ఓనర్‌ది, మీది కాదు. దారిలో డీజిల్‌కని డ్రైవర్‌కు ఇచ్చినదంతా ఫోన్‌పేలోనే ఇచ్చి, ఆఖరి బిల్లులో తీసేయించుకోండి.