మ్యాట్రిక్స్ పాఠాలు – 4: ఫైబ్రోనెక్టిన్ పోగు పడిందా లేదా?

కణాన్నీ కొల్లాజెన్‌నూ కలిపి పట్టుకునే ప్రొటీన్ ఫైబ్రోనెక్టిన్. అది ప్లేటు అడుగున అంటుకున్నంత మాత్రాన మ్యాట్రిక్స్ (కణాల చుట్టూ ఉండే ప్రొటీన్ల అల్లిక) అయిపోదు. కణం లాగితేనే పోగవుతుంది. ఆ తేడా పట్టుకోవడమే ఈ పాఠం.

230–250 కిలోడాల్టన్ల గొలుసులు రెండు, సి-కొన దగ్గర రెండు డైసల్ఫైడ్ బంధాలతో జతపడి ఉంటాయి. గొలుసులో విడివిడిగా ముడుచుకున్న భాగాలే డొమైన్లు; పదో టైప్-3 డొమైన్‌లోని ఆర్‌జీడీ అనే మూడు అమైనో ఆమ్లాల వరసను కణం పొరలోని గ్రాహకం ఆల్ఫా5-బీటా1 ఇంటెగ్రిన్ పట్టుకుంటుంది, కణం లోపలి నుంచి ఆక్టిన్ తంతువులు లాగుతాయి. టైప్-3 డొమైన్లకు లోపల డైసల్ఫైడ్ కట్లు లేవు కాబట్టి ఆ లాగుడుకు విప్పారతాయి. అప్పటిదాకా మూసుకుని ఉన్న చోట్లు తెరుచుకుని పక్క అణువుకు పట్టు దొరుకుతుంది. ఇలా ముదిరిన పోగు డీఆక్సీకోలేట్ అనే డిటర్జెంట్‌లో కరగదు. మన పరీక్షకు ఆధారం ఇదే.

6 గుంటల ప్లేటులో ఫైబ్రోబ్లాస్టులు (మ్యాట్రిక్స్‌ను తయారుచేసే కణాలు) పూర్తిగా పరుచుకున్నాక మరో 24–48 గంటలు ఉంచండి. పల్చగా ఉన్న కణాల్లో పోగులు సరిగా రావు. చల్లని పీబీఎస్ (ఫాస్ఫేట్ ఉప్పు ద్రావణం)తో రెండుసార్లు కడిగి, గుంటకు 200 మైక్రోలీటర్ల బఫర్ పోయండి: 2% సోడియం డీఆక్సీకోలేట్, 20 మిల్లీమోలార్ ట్రిస్ (పీహెచ్ 8.8), 2 మిల్లీమోలార్ ఈడీటీఏ (లోహ అయాన్లను పట్టేసేది), అప్పటికప్పుడు కలిపిన 2 మిల్లీమోలార్ పీఎంఎస్ఎఫ్ (ప్రొటీన్లను కోసే ఎంజైములను ఆపేది). పీహెచ్ మీద రాజీ వద్దు. అది తటస్థానికి దిగితే డీఆక్సీకోలేటే గడ్డకట్టి, కరగని ప్రొటీన్‌లా కనిపించి మోసం చేస్తుంది.

గీకి తీసిన ద్రవం డీఎన్ఏ వల్ల జిగటగా సాగుతుంది. 26 గేజ్ సూదిలోంచి ఐదుసార్లు లాగి వదలండి. ఈ పని వదిలేస్తే డీఎన్ఏ ముద్దలో కరిగే ఫైబ్రోనెక్టిన్ కూడా చిక్కుకుని అడుక్కి చేరుతుంది. తర్వాత 4 డిగ్రీల దగ్గర 15,000 జీతో 20 నిమిషాలు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి. అడుగున చేరింది చాలాసార్లు కంటికి ఆనదు. అందుకే సెంట్రిఫ్యూజ్‌లో ట్యూబుకు బయటికి ఉండే వైపున ముందే గుర్తు పెట్టుకుని, పై ద్రవం తీసేటప్పుడు ఆ వైపు పిపెట్ మొన తగలనివ్వకండి. మిగిలినదాన్ని 1% ఎస్‌డీఎస్ (ఇంకా బలమైన డిటర్జెంట్) ఉన్న ట్రిస్‌లో 95 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు కరిగించండి.

రెండు భాగాలనూ డీటీటీ (డైసల్ఫైడ్ బంధాలను తెంచేది) కలిపి జెల్ మీద నడిపి, యాంటీబాడీతో ఫైబ్రోనెక్టిన్ బ్యాండు చూడండి. డీటీటీ లేకపోతే పోగు భాగం బావి అంచునే ఆగిపోతుంది. కరగని భాగానికి లోడింగ్ కంట్రోల్‌గా (అన్ని నమూనాలూ సమంగా పోశామా అని చూసే కొలమానంగా) కణం లోపలి తంతు ప్రొటీన్ విమెంటిన్ వాడండి. అదీ డీఆక్సీకోలేట్‌కు లొంగదు. జీఏపీడీహెచ్ (కణద్రవంలో కరిగి ఉండే ఎంజైమ్) పై ద్రవానికే పనికొస్తుంది.

కణాలను పెంచే ద్రవంలో కలిపే పశువుల సీరంలోనూ ఫైబ్రోనెక్టిన్ ఉంటుంది. మానవ కణాలైతే పశువుల ప్రొటీన్‌ను గుర్తించని యాంటీబాడీ ఎంచుకోండి, లేదా సీరాన్ని జెలటిన్ పూసల గుండా పంపి ఆ ప్రొటీన్ తీసేయండి. ఒక గుంటలో రో కైనేజ్ అనే ఎంజైమ్‌ను ఆపే మందు వై-27632, 10 మైక్రోమోలార్ తప్పక కలపండి. రో కైనేజ్ ఆగితే లాగుడు తగ్గుతుంది, కరగని బ్యాండు పలచబడాలి. పలచబడకపోతే ముందు పీహెచ్, ఆపైన సూది మెట్టు సరిచూసుకోండి.