వానాకాలంలో వచ్చిన వీడియో ఎప్పటిదో ఎలా తెలుసుకోవాలి?

2023 జూలై చివరి వారంలో కురిసిన కుండపోత వానలకు వరంగల్‌లోని భద్రకాళి చెరువు కట్ట పోతన నగర్ వైపు నిజంగానే తెగింది. ఆనాటి వీడియో చాలాకాలం తరువాత ఒక వాన రాత్రి "చెరువు కట్ట ఇప్పుడే తెగింది, అందరికీ పంపండి" అన్న మాటలతో మా కుటుంబ వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. హనుమకొండలో డిగ్రీ చదువుతున్న నేను క్షణం ఆగకుండా దాన్ని మరో రెండు గ్రూపులకు పంపాను. లోతట్టు కాలనీలో ఉండే మా మేనత్త అది చూసి, నిద్రపోతున్న పిల్లలను లేపుకుని ఆ వానలోనే బయటికి నడిచింది. వీడియోలో కల్పితం ఏమీ లేదు. "ఇప్పుడే" అన్న ఒక్క మాటే అబద్ధం. అందుకే ఇటువంటిది ఏది వచ్చినా ముందుగా దాని తేదీని వెతకాలని నేర్చుకున్నాను.

మొదట సందేశం పైభాగాన్ని చూడండి. అక్కడ జంట బాణాల గుర్తు ఉంటే అది కనీసం ఐదు చేతులు మారి మీకు చేరిందని అర్థం. 2020 ఏప్రిల్ నుంచి అలాంటి సందేశాన్ని ఒకసారికి ఒకే చాట్‌కు పంపేలా వాట్సాప్ పరిమితి పెట్టింది. అయితే ఎవరైనా మాటలను కాపీ చేసి కొత్తగా పెడితే ఆ గుర్తు కనిపించదు కనుక, గుర్తు లేనంత మాత్రాన నమ్మకూడదు.

తరువాత వీడియోను స్పష్టంగా ఉన్న చోట ఆపి, స్క్రీన్‌షాట్ తీసి, బొమ్మను బట్టి వెతికిపెట్టే గూగుల్ లెన్స్‌లో వెతకండి. అదే దృశ్యం గత సంవత్సరాల వార్తల్లో కనిపిస్తే సందేహం తీరినట్టే. ఏమీ దొరకకపోతే మాత్రం అది కొత్తదని తేల్చుకోకుండా, దృశ్యంలోనే ఆనవాళ్లు వెతకాలి. తెలంగాణలో కొత్త వాహనాలకు టీజీ నంబర్లు 2024 మార్చి నుంచి వస్తున్నాయి కాబట్టి, ఆ ప్లేటు కనిపిస్తే వీడియో అంతకుముందుది కాదు. టీఎస్ ప్లేట్లు మాత్రం ఇప్పటికీ రోడ్ల మీద ఉన్నందువల్ల వాటితో ఏమీ తేలదు. సందేశంలో "వరంగల్ అర్బన్ జిల్లా" అని ఉంటే మరింత జాగ్రత్తపడండి, ఎందుకంటే ఆ జిల్లా 2021 ఆగస్టులోనే హనుమకొండ జిల్లాగా మారింది.

నమ్మశక్యంగా లేదని కొట్టిపారేయడం కూడా ప్రమాదమే. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగి జనం ఇళ్ల పైకప్పులెక్కారు. అటువంటి మాట ముందుగా ఫోన్‌లోనే విన్నవారు దాన్ని పుకారని అనుకుని ఉంటే ఏమయ్యేదో ఊహించండి. కాబట్టి పరిశీలన ఐదు నిమిషాలు మించకూడదు. అప్పటికీ తేలకపోతే కలెక్టరేట్ కంట్రోల్ రూమ్‌కు గానీ, ఆ వీధిలో ఉంటున్న బంధువుకు గానీ నేరుగా ఫోన్ చేయండి. కట్ట పక్కన ఉన్న మనిషి కిటికీలోంచి చూసి చెప్పే మాట కన్నా నమ్మదగినది నాకు ఇంతవరకు దొరకలేదు.

పంపినవారు పెద్దవారైతే వారిని గ్రూపులో తప్పుపట్టవద్దు. భయంతో, మన మీద ప్రేమతోనే వారు పంపి ఉంటారు. పదిమందిలో చిన్నబోతే మరోసారి మన మాట వినరు. మా పెద్దబాపుకు నేను విడిగా ఫోన్ చేసి, "పెద్దబాపూ, అది 2023ల తీసిన వీడియో. కట్ట మంచిగనే ఉన్నదట, నువ్వు భయపడకు" అన్నాను. ఆయనే గ్రూపులోంచి దాన్ని తొలగించారు.

మీరే పంపి ఉంటే, పంపిన ప్రతి చోటా ఆ వీడియో అసలు తేదీని రాయండి. సవరణతో పాటు వీడియోను మళ్లీ జతచేయకండి, చాలామంది రాతను చదవకుండా దృశ్యాన్నే ముందుకు పంపుతారు. ఆ రాత్రి నేను రెండు గ్రూపులకూ సవరణ రాశాను. మేనత్తకు మాత్రం తెల్లవారాక ఇంటికి వెళ్లి, ఎదురుగా కూర్చుని చెప్పాను.