ఒక్క వయొలిన్‌తో ఆర్కెస్ట్రా ఎట్ల: తిరుపతిలో మా ఆల్బమ్ చేసుకున్న పద్ధతి

మా ఆరు పాటల ఆల్బమ్ విన్నోళ్లు ఎక్కువమంది అడిగింది ఒకటే, ఆ వయొలిన్లు ఎంతమంది వాయించినారు, చెన్నై పోయినారా అని. చెన్నై పోలేదు, వాయించింది ఒక్క మేడమే, ఈడే తిరుపతిలో ఇంట్లో పిల్లలకి వయొలిన్ నేర్పించే ఆమె. సొంతంగా పాట రాసుకుని పాడుకునే వాళ్లకి మన భాషలో వాగ్గేయకారుడు అని ఎంత చక్కని మాట ఉంది, అన్నమయ్య పాటల రాగిరేకులు దొరికిన కొండ కింద ఉంటాం కాబట్టి నాకు ఆ మాటంటే ఇంకా ఇష్టం, అట్లాంటి వాళ్లు ఈ ఊర్లో చాలామంది ఉండారు, వాళ్ల కోసమే ఇదంతా రాస్తా ఉండా.

మొదట గైడ్ ట్రాక్, అంటే తర్వాత అందరూ విని వాయించుకోడానికి దారి చూపే కచ్చా రికార్డింగ్. క్లిక్ (తాళం టిక్ టిక్ అని వినిపించేది) పెట్టుకుని, టెంపో (వేగం) ఖాయం చేసుకుని, ఒక గిటార్ ఒక గొంతు, అంతే. నేను రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేసినా, 60 రోజులు ఊరికే వాడి చూడొచ్చు. ఫైల్ మాత్రం 48 కిలోహెర్ట్జ్ 24 బిట్ వేవ్‌లోనే పంపండి, ఎంపీత్రీ చేస్తే ముందర సన్నగా ఖాళీ చేరి తర్వాత అన్ని ట్రాకులూ ఒక ఇసుమంత పక్కకి జరుగుతాయి, మాకు బయట ఒకచోట అట్లా జరిగి రెండు రోజులు ఏం తప్పో తెలీక కూర్చున్నాం.

గైడ్ అయినాక కంప్యూటర్ మూసేసి సాహిత్యం కాయితం మీద రాయండి. గొంతు ఊపిరి తీసుకునే ప్రతిచోటా ఎర్ర పెన్నుతో గీత పెట్టండి. వయొలిన్ కదలాల్సింది ఆ గీతల దగ్గరే, మాట నడిచేటప్పుడు అది ఒక స్వరం మీద నిలబడి ఉండాలి, లేకపోతే అసలు ఉండకూడదు. నేను మొదటి పాటలో పల్లవి పొడుగునా వయొలిన్‌ని పరిగెత్తిస్తే మా అమ్మ విని, ఏం పాడతా ఉండావు నాయనా మాట తెలీడం లేదే అనింది. ముప్పావు వంతు తీసేసినా, అప్పుడే పాట వినపడింది. ఎక్కువమంది కావాలనుకోవద్దు, బీటిల్స్ 1966లో ఎలెనార్ రిగ్బీకి వాడింది ఎనిమిది మందినే, నాలుగు వయొలిన్లు రెండు వయోలాలు రెండు చెల్లోలు (ఇవి వయొలిన్ కంటే పెద్దవి, కింది స్వరాలకి), గిటార్ లేదు డ్రమ్స్ లేవు, ఇప్పటికీ అది విని నేర్చుకుంటా ఉండారు.

ఇంక శృతి. ఇది వాయించేవాళ్లతో ముందే ఫోన్‌లోనే తేల్చుకోకపోతే సెషన్ (రికార్డింగ్) రోజు గంటన్నర దీనికే పోతాది. పాశ్చాత్య పద్ధతిలో వయొలిన్ తీగలు జీ, డీ, ఏ, ఈ, మన కర్ణాటక పద్ధతిలో పాడేవాళ్ల శృతికి స ప స ప అని కలుపుతారు. మీ పాట ఆధార షడ్జం సీ అయితే వాళ్ల లెక్కలో ఒకటో శృతి, సీ షార్ప్ అయితే ఒకటిన్నర, డీ రెండు, జీ అయితే ఐదు, జీ షార్ప్ ఐదున్నర. మేడం ఈ పాట రెండో శృతి అంటే చాలు, వాళ్లకి వెంటనే అర్థమైపోతాది. ఒకే శృతి పాటలన్నీ ఒకే రోజు పెట్టుకోండి, తీగ బిగించి వదిలి చేస్తే అది కుదురుకోడానికి టైం పడతాది, అక్టోబర్ నుంచి డిసెంబర్ వానల్లో అయితే మరీ జారతాది. శృతి పెట్టె ఫైన్ ట్యూనింగ్ తిప్పేసి ఉంటుంది ఒక్కోసారి, కాబట్టి ఏ (A) స్వరం 440 హెర్ట్జ్ దగ్గర మీ ట్యూనర్‌తోనే కలపమనండి.

అసలు పని ఇప్పుడు మొదలైతాది. ఈడ వయొలిన్ బాగా వచ్చిన వాళ్లలో చాలామందికి స్టాఫ్ నోటేషన్ (ఐదు గీతల మీద స్వరాలు రాసే పాశ్చాత్య పద్ధతి) అలవాటు ఉండదు, మనమేమో కార్డులు (chords, కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించేవి) పట్టుకుని పోతాం. కార్డుని స్వరాల్లోకి మార్చుకుని పోండి. సీ మేజర్ అంటే షడ్జం, అంతర గాంధారం, పంచమం. ఎఫ్ అంటే శుద్ధ మధ్యమం, చతుశ్రుతి ధైవతం, షడ్జం. జీ అంటే పంచమం, కాకలి నిషాదం, చతుశ్రుతి రిషభం. సీ మైనర్ కావాలంటే అంతర గాంధారం తీసి సాధారణ గాంధారం పెట్టడమే. ఒకే పాటలో రెండు గాంధారాలు వస్తే ముందే చెప్పండి, రాగం పట్టుకుని వాయించే చేతికి అది అలవాటు లేని విషయం, ఏ బార్‌లో (తాళం ఆవర్తం లాంటిది) ఏది అని రంగు పెన్నుతో రాసిస్తే మా మేడం ఒక్కసారికే పట్టుకున్నారు.

ఇప్పుడు కార్డులోని మూడు స్వరాలకి మూడు లైన్లు, అంటే వేర్వేరుగా వాయించే మూడు వరసలు రాయాలి. సీ, ఎఫ్, జీ, మళ్లీ సీ అనుకోండి. పై లైన్ ప, ద, ప, ప. మధ్య లైన్ గ, మ, రి, గ. కింది లైన్ స, స, ని, స. చూడండి, ఏ లైనూ దూరం దూకలేదు, ఎక్కువ భాగం పక్కింటికి పోయొచ్చినట్టే ఉంది. ఆర్కెస్ట్రా మెత్తగా వినపడడానికి ఇదే సగం కారణం, మనం కీబోర్డ్ మీద మూడు వేళ్లూ ఒకేసారి ఎత్తి పక్కకి పెట్టినట్టు రాస్తే మూడు లైన్లూ కలిసి ఎగిరినట్టు ఉంటుంది. మామూలు ట్యూనింగ్‌లో వయొలిన్ 196 హెర్ట్జ్ జీ కంటే కిందికి పోదు అనేది కూడా గుర్తు పెట్టుకోండి, దానికి కిందిది రాసేసి ఆ రోజు తల పట్టుకోవద్దు.

గమకం గురించి మర్యాదగా, కానీ స్పష్టంగా మాట్లాడాలి. మన వాళ్ల చెయ్యి స్వరం మీద ఊగుతుంది, అదే వాళ్ల అందం, కానీ మూడు లైన్లు మూడు రకాలుగా ఊగితే కార్డు నిలబడదు. అందుకని కార్డుని నిలబెట్టే హార్మొనీ లైన్లకి గమకం లేకుండా నిలువు స్వరం పట్టమని అడగండి, ఒక్క సోలో లైన్ మాత్రం పూర్తిగా వాళ్లకి వదిలేయండి. మా మూడో పాట చివర్లో మేడం నిషాదం నుంచి షడ్జానికి జారుతా పోయిన ఆ కొన్ని సెకన్లు నేను రాసింది కాదు, ఆల్బమ్ మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చేది అదే.

రికార్డింగ్‌కి పడకగది సరిపోయింది, గోడలకి పరుపులు ఆనించి, బొంతలు వేలాడదీసి, ఫ్యాను ఫ్రిజ్ ఆపేసి. ఎండాకాలం వద్దు, మన ఊరి ఎండలో ఫ్యాను లేకుండా మూడు గంటలు కూర్చోమనడం పాపం. ముహూర్తాలున్న రోజులు అసలు పెట్టుకోవద్దు, ఏ వీధికి పోయినా మేళం వినపడతాది. మేము రాత్రి భోజనాలయినాక, బస్సుల చప్పుడు తగ్గినాక మొదలుపెట్టినాం. మైక్ దగ్గర ఒక విషయం, వీడియోల్లో చూపించేది నిలబడి వాయించే వాళ్ల కోసం. మన వాళ్లు నేల మీద కూర్చుని వయొలిన్ తలని కుడి పాదం మీద ఆనిస్తారు, అంటే వాయిద్యం కిందికి వాలి ఉంటుంది, కాబట్టి మైక్ ఎదురుగా రెండు మూడు అడుగుల దూరంలో కొంచెం పైనుంచి తిప్పి పెడితే మాకు బాగా వచ్చింది, ఊపిరి చప్పుడు కూడా తగ్గింది.

ఒక్కో లైన్ నాలుగు సార్లు వాయించాలి, మూడు లైన్లకి పన్నెండు ట్రాకులు. ఒకసారి వాయించి దాన్నే కాపీ చేసి పెడితే గుంపు రాదు, అదే వయొలిన్ గట్టిగా వినపడతాది అంతే. ప్రతిసారీ శృతిలో, సమయంలో వచ్చే చిన్న చిన్న తేడాలే పదిమంది వాయించినట్టు అనిపిస్తాయి, అందుకే పిచ్ సరిచేసే సాఫ్ట్‌వేర్‌తో వాటిని ఇస్త్రీ చేయొద్దు. ప్రతి టేక్‌కి చాపని ఒక రెండు అడుగులు జరపండి, ఇంకో వయొలిన్ ఉంటే రెండు టేకులు దాంతో వాయించమనండి. ఇది చేతులు నొప్పి పుట్టే పని, గంటకొకసారి ఆపి టీ ఇవ్వండి.

చెల్లో మాకు దొరకలేదు, దానికి శాంపిల్సే (ముందే రికార్డ్ చేసి పెట్టిన వాయిద్యం స్వరాలు) వాడినాం, స్పిట్‌ఫైర్ కంపెనీ వాళ్ల ల్యాబ్స్ ఫ్రీగానే వస్తాది. కింద శాంపిల్ చెల్లో తక్కువ వాల్యూమ్‌లో, పైన నిజమైన వయొలిన్, చెవి పైదాన్నే పట్టుకుంటాది. డబ్బులుంటే బుడాపెస్ట్ లాంటి చోట ఆర్కెస్ట్రాని ఆన్‌లైన్‌లో బుక్ చేసుకుని ఈడ్నుంచే వినొచ్చు, దానికి స్టాఫ్ నోటేషన్ తప్పనిసరి, మ్యూజ్‌స్కోర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఫ్రీగా రాసుకోవచ్చు.

ఐదో పాటలో నాదస్వరం పెట్టినాం, ఇది మన చిత్తూరు వైపు వాళ్లు తప్పకుండా చేయాలని నా కోరిక, ఇంత దగ్గర ఇంత మంచి వాయిద్యం పెట్టుకుని ట్రంపెట్ శాంపిల్ ఎందుకబ్బా. ఎక్కువగా రెండు, రెండున్నర శృతిలో ఉంటుంది కాబట్టి పాటనే దానికి తగ్గట్టు డీకి మార్చినాం, గైడ్ చేయకముందే ఇది అడిగి తెలుసుకోండి. చిన్న గదిలో అది చెవులు పగలగొడుతుంది, మేము తెలిసినోళ్ల మామిడి తోటలో చెట్ల కింద, పదడుగుల దూరంలో మైక్ పెట్టి తెల్లారుజామున రికార్డ్ చేసినాం, వెనక పిట్టల అరుపు పడింది, ఉంచేసినాం.

మిక్స్‌లో రెండే మాటలు. అన్ని తీగ వాయిద్యాలనీ ఒకే హాల్ రివర్బ్‌లోకి (పెద్ద హాల్లో మోగినట్టు వినిపించే ఎఫెక్ట్) పంపండి, అప్పుడే శాంపిలూ మనిషీ ఒకే గదిలో కూర్చున్నట్టు ఉంటుంది. వయొలిన్లలో 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య ఒక రెండు డెసిబెల్స్ తగ్గిస్తే గొంతులో మాట ముందుకి వస్తాది.

డబ్బులు సెషన్ రోజే ఇచ్చేయండి, ఎన్ని పాటలకి ఎంత అని ముందే కాయితం మీద రాసుకుని. పాట రాసి బాణీ కట్టింది మీరే అయితే ఐపీఆర్ఎస్‌లో (పాట రాసిన, బాణీ కట్టిన వాళ్లకి రాయల్టీ వసూలు చేసిపెట్టే సంస్థ) సభ్యత్వం తీసుకోండి. విడుదలకి ముందు ఫైనల్ మిక్స్ వాయించిన వాళ్లకి పంపి, పేరు ఎట్ల వేయాలి, ఇంటిపేరు ముందా వెనకా, అక్షరాలు సరిపోయినాయా అని అడిగి అప్పుడు అప్‌లోడ్ చేయండి. మేడం పేరులో ఒక వత్తు తప్పు పడింది, అప్‌లోడ్‌కి ముందురోజు రాత్రి ఆమే చూసి చెప్పినారు.