టూల్స్ పోల్చబోతే తేదీలు తారుమారు: నాకు పనిచేసిన పద్ధతి

రెండు ప్రాజెక్ట్ టూల్స్‌ని ఒకే డేటాతో పోల్చి చూద్దామని సీఎస్‌వీ ఫైల్ (కామాలతో విడదీసిన సాదా పట్టిక) ఎక్కిస్తే, 05/03 అని ఉన్న మార్చి 5 గడువు ఒకదాంట్లో మే 3 అయింది, అది నెలని ముందు చదివింది మరి. 13వ నెల ఉండదు కాబట్టి, 12 దాటిన తేదీలైతే ఏకంగా ఖాళీ! బ్రౌజర్, టైమ్‌జోన్, కొత్త అకౌంట్... అన్నీ మార్చి చూశాను, లాభం లేదు.

చివరికి ఇలా కుదిరింది. ఫైల్‌ని డబుల్ క్లిక్‌తో తెరవడం మానేశాను. స్ప్రెడ్‌షీట్ మనల్ని అడక్కుండానే తేదీలు మార్చేస్తుంది. ఖాళీ షీట్‌లోకి ఇంపోర్ట్ చేస్తూ తేదీ కాలమ్‌ని టెక్స్ట్‌గా ఎంచుకున్నాను. ఫార్ములాతో 05/03/2025ని 2025-03-05గా, అంటే ఏడాది-నెల-రోజు అనే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 8601 వరుసలోకి మార్చి, యూటీఎఫ్-8 (తెలుగు లాంటి లిపులు చెడకుండా ఉంచే ఎన్‌కోడింగ్) సీఎస్‌వీగా సేవ్ చేసి, మళ్లీ తెరవకుండా నేరుగా ఎక్కించాను. అదీ ముందు ఐదు వరుసలే, 12 లోపు తేదీ ఒకటి, దాటింది ఒకటి ఉండేలా చూసుకుని.

అన్నిటికీ ఇదే పనిచేస్తుందని చెప్పలేను. జిరా లాంటి ప్రాజెక్ట్ టూల్స్ ఇంపోర్ట్‌లోనే తేదీ ఫార్మాట్ అడుగుతాయి, వాటికి ఇంత తతంగం అక్కర్లేదు. టాస్కుల మధ్య డిపెండెన్సీలు (ఏది అయ్యాక ఏది మొదలవ్వాలనే లింకులు) మాత్రం నేనింకా చేత్తోనే కలుపుకుంటున్నాను.