యుద్ధపటం చదవడం – నాలుగో పాఠం: బాణాన్ని వదిలి రిజర్వును వెతకండి

కిందటి పాఠం చివర ఇచ్చిన లెక్కతో మొదలుపెడదాం. 1,000 వాహనాల దళం బండికీ బండికీ 50 మీటర్ల ఎడంతో, గంటకు 20 కిలోమీటర్ల వేగంతో, కర్నూలు నుంచి నంద్యాల రోడ్డు పట్టింది. వరుస పొడవెంత? ఒక వంతెనను పూర్తిగా దాటడానికి ఎంతసేపు పడుతుంది? పొడవు 50 కిలోమీటర్లు, సమయం రెండున్నర గంటలు. తల ఓర్వకల్లు దాటి పాణ్యం దాపులకు చేరినా తోక ఇంకా కర్నూలు పొలిమేరలోనే ఉంటుంది. ఒక కవచ డివిజన్‌కు (ట్యాంకులే ప్రధానంగా ఉండే పెద్ద దళానికి) నిజానికి ఇంతకంటే ఎక్కువ వాహనాలే ఉంటాయి. దారిలో ఒక్క కల్వర్టు కూలితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

ఈ లెక్క చేసినవారికి టీవీలో యుద్ధపటం మీద సర్రున దూసుకుపోయే ఎర్ర బాణం చూస్తే ఇకమీదట నవ్వు రావాలి. బాణం గీసేవాడికి డీజిలు అక్కర్లేదు. దాడి జరుగుతున్న చోటును అది చూపిస్తుంది, అంతే. భారీ ఎదురుదాడి గెలుస్తుందా లేదా అన్నది తేలేది ఇంకా పోరులోకి దిగని బలగం దగ్గర. దానినే రిజర్వు అంటారు. ఏ పటం చూసినా ముందుగా వేయవలసిన ప్రశ్న ఒకటే: ఈ రోజున ఎవరి చేతిలో ఎంత రిజర్వు మిగిలి ఉంది, అది ఎక్కడుంది?

ఇక కాగితం తీయండి. మూడు రంగుల పెన్సిళ్లు కావాలి. రెండు పక్షాలకు రెండు, రిజర్వులకు మూడోది. సాధనకు రెండో ప్రపంచ యుద్ధంలో, 1943 వేసవిలో జర్మన్, సోవియట్ సైన్యాలు రష్యాలో తలపడిన కుర్స్క్‌ను తీసుకుందాం. ఇంతకంటే మంచి పాఠ్యపుస్తకం నాకు కనబడలేదు.

పైనుంచి కిందికి ముందువరుస గీయండి. పైన ఒర్యోల్ దగ్గర గీత తూర్పుకు ఉబ్బాలి. ఆ ఉబ్బు జర్మన్లది. దాని కిందనే కుర్స్క్ దగ్గర పడమరకు ఉబ్బాలి, అది సోవియట్లది. ఆ కింద బెల్గొరోద్ దగ్గర గీత మళ్లీ తూర్పుకు తిరగాలి. కుర్స్క్ ఉబ్బును ఉత్తరం నుంచీ దక్షిణం నుంచీ ఒకేసారి కోసేయాలన్నది జర్మన్ పథకం. ఆ సంగతి సోవియట్లకు ముందే తెలుసు. మనమే ముందుగా కొడదామన్నవాళ్లు సోవియట్ సేనానుల్లోనూ ఉన్నారు. వాళ్లలో పెద్ద సేనాని జుకోవ్ మాత్రం ఏప్రిల్ 8న స్టాలిన్‌కు రాసిన నివేదికలో వద్దన్నాడు. రక్షణలో నిలబడి శత్రువు ట్యాంకులను అరగదీసి, ఆ తర్వాత తాజా రిజర్వులతో విరుచుకుపడటం మేలని ఆయన వాదన. ఆ వాదనే నెగ్గింది. నెలల తరబడి కందకాలు తవ్వారు, మందుపాతరలు పరిచారు. ఉబ్బుకు వెనక, తూర్పున, సేనాని కోనెవ్ నాయకత్వంలో ఒక పెద్ద సైన్యసమూహాన్ని ఉంచారు. మూడో రంగుతో అక్కడ పెద్ద వలయం గీయండి.

జులై 5న జర్మన్ దాడి మొదలైంది. ఉత్తరాన జర్మన్ సేనాని మోడల్ నడిపిన సైన్యం పది పన్నెండు కిలోమీటర్లకే ఊపిరాడక ఆగింది. జులై 12 తేదీని పటం మీద ఎర్రగా రాసుకోండి. ఆ రోజు సోవియట్ సైన్యం కుర్స్క్‌లో కాదు, దానికి పైనున్న ఒర్యోల్ ఉబ్బు మీద ఉత్తరం నుంచీ తూర్పు నుంచీ విరుచుకుపడింది. మీరు గీసిన గీతను చూడండి: ఒర్యోల్ మోడల్‌కు వీపు. ముందుకు నడుస్తున్నవాడు వెనక్కి తిరగక తప్పలేదు. దక్షిణాన సోవియట్ రిజర్వులో కొంత భాగాన్ని అదే రోజు ప్రొఖొరోవ్కా దగ్గర దింపారు. అక్కడ సోవియట్ ట్యాంకులకు ఘోరమైన నష్టం జరిగింది. అది గొప్ప విజయమన్న పాత కథను ఉన్నదున్నట్టు నమ్మకండి. అయినా ఆగస్టు 3న దక్షిణాన రెండో ఎదురుదాడి మొదలైంది. ఇంత దెబ్బతిన్నవాళ్లు ఇంత త్వరగా లేస్తారని జర్మన్లు అనుకోలేదు. ఆగస్టు 5న ఒర్యోల్, బెల్గొరోద్, 23న ఖార్కొవ్ వాళ్ల చేజారాయి.

దీన్నిబట్టి పటం మీద మూడు గుర్తులు పెట్టడం అలవాటు చేసుకోండి: దాడి ఆగిన చోటు, రిజర్వు నిలిచిన చోటు, రిజర్వు విరుచుకుపడిన చోటు. దాడి ఆగిన చోటే రిజర్వు పడితే అది ఎదురెదురు కుమ్ములాట. పక్కనో వెనకనో పడితే అసలైన ఎదురుదాడి.

మన దేశపు ఉదాహరణ 1965 నాటిది. సెప్టెంబరు 1న పాకిస్తాన్ జమ్మూ ప్రాంతంలో ఛంబ్ మీదుగా అఖ్నూర్ వైపు దూసుకొచ్చింది. చీనాబ్ మీది వంతెన పోతే రాజౌరి, పూంచ్ దారి తెగుతుంది. భారత్ ఉన్న బలగమంతా అఖ్నూర్‌లో కుమ్మరించలేదు. సెప్టెంబరు 6న పంజాబ్‌లో అంతర్జాతీయ సరిహద్దు దాటి లాహోర్ వైపు కదిలింది. దానితో అఖ్నూర్ మీద ఒత్తిడి తగ్గింది. పాకిస్తాన్ వెంటనే తన కవచ డివిజన్‌ను కసూర్ నుంచి ఖేమ్‌కరణ్ మీదుగా వదిలింది. బియాస్ వంతెనను పట్టి గ్రాండ్ ట్రంక్ రోడ్డు తెంచాలన్నది లక్ష్యం. ఊహ మంచిదే, నేల మాత్రం కలిసిరాలేదు.

అసల్ ఉత్తర్ దగ్గర మన దళాలు గుర్రపు నాడా ఆకారంలో మోహరించి, పొలాలకు నీళ్లు పెట్టాయి. కోయిలకుంట్ల వైపు నల్లరేగడి పొలాలు చూసినవారికి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. ఒక్క పెద్ద వాన పడితే ట్రాక్టరు ఇరుసుదాకా దిగి, బయటికి లాగడానికి ఇంకో ట్రాక్టరు రావాలి. అక్కడి నేల రేగడి కాదు కానీ తడిసిన పొలంలో దిగబడిన పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకుల గతి అదే అయింది. నిలువెత్తు చెరకులో దాగిన మన ట్యాంకులు, జీపుల మీది తుపాకులు వాటిని ఒక్కొక్కటిగా కొట్టాయి. అబ్దుల్ హమీద్‌కు మరణానంతరం పరమవీరచక్ర దక్కింది ఇక్కడి పోరుకే. ఇక్కడ పోరాడిన దళాల్లో ఒకటైన దక్కన్ హార్స్ మూలాలు నిజాం అశ్వికదళంలో ఉన్నాయి. మూడు రోజుల్లో పాకిస్తాన్ పోగొట్టుకున్న ట్యాంకులు భారత లెక్క ప్రకారం 97. అందుకే రిజర్వు వలయం గీసిన ప్రతిసారీ దాని ముందున్న నేల రకం కూడా పక్కన రాయండి.

ఉక్రెయిన్‌లో ఏడాది లోపు తేడాతో జరిగిన రెండు ఎదురుదాడులను పక్కపక్కన పెట్టి చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. 2022లో దక్షిణాన ఉన్న ఖేర్సన్ మీద దాడి చేస్తామని ఉక్రెయిన్ బాహాటంగానే చెప్పింది. రష్యా బలగాలు అటు కదిలాయి, ఈశాన్యాన ఖార్కివ్ (పైన చెప్పిన ఖార్కొవే) వైపు పలచబడ్డాయి. సెప్టెంబరు 6న బలక్లియా దగ్గర దెబ్బ పడింది. 10వ తేదీకి రైళ్ల కూడలి అయిన కుప్యాన్స్క్ చేరారు. దాని మీద ఆధారపడిన ఇజ్యుమ్‌లో రష్యా సైన్యం నిలవలేకపోయింది. 2023 జూన్‌లో ఒరిఖివ్ దక్షిణాన మొదలైనది ఇందుకు తలకిందులు. దాడి ఎటు వస్తుందో లోకానికంతా తెలుసు. నెలల పాటు తవ్విన కందకాలు, దట్టమైన మందుపాతరలు, వెనక సిద్ధంగా రిజర్వులు. ఆగస్టు చివరికి రొబోతినే గ్రామం చేతికొచ్చింది కానీ ఇంకా దక్షిణాన ఉన్న తొక్మాక్ పట్టణం చేరనే లేదు. ఉక్రెయిన్ సైనికుల ధైర్యం తగ్గిందని రాసినవాళ్లు పటం చూడలేదని నా అభిప్రాయం.

దాడికి మూడింతల బలం కావాలన్న మాట మీరు వినే ఉంటారు. అది ఛేదించే చోటికి వర్తించే మోటు లెక్క. రెండు దేశాల సైన్యాలను మొత్తంగా కూడి భాగిస్తే ఏమీ తేలదు.

ఈ వారం అభ్యాసం 1973 నాటి ఈజిప్టు–ఇజ్రాయెల్ యుద్ధంలోని సూయజ్ కాలువ. అప్పటికి పడమటి ఒడ్డు ఈజిప్టుది, తూర్పు ఒడ్డు ఇజ్రాయెల్ చేతిలో ఉంది. ఈజిప్టు అక్టోబరు 6న కాలువ దాటింది. తూర్పు ఒడ్డున దాని రెండో సైన్యాన్ని ఉత్తరాన, మూడో సైన్యాన్ని దక్షిణాన గీయండి. పడమటి ఒడ్డున ఉన్న కవచ రిజర్వుల్లో ఎక్కువ భాగాన్ని అక్టోబరు 14 దాడి కోసం తూర్పుకు జరపండి. ఆ దాడి విఫలమైంది. 15వ తేదీ రాత్రి ఇజ్రాయెల్ కాలువ దాటడం మొదలుపెట్టింది. ఎక్కడ దాటి ఉంటుందో పుస్తకం తెరవకుండా పెన్సిలుతో గుర్తు పెట్టి, ఎందుకో నాలుగు వాక్యాల్లో రాయండి. జవాబు అయిదో పాఠంలో. ఆ పాఠానికి కర్నూలు తుంగభద్ర వంతెన ఉన్న సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 పటం కావాలి, ముందే తెచ్చుకోండి.